ఒకే పొయ్యి

ఇల్లంటే గోడలు కాదు, పొయ్యి.

ముదిగుబ్బలో శిక్షణ ముగిసేసరికి హనుమంతరాయుడి మనసులో నిలిచిపోయిన మాట అదొక్కటే. చెప్పినవాడు రాఘవేంద్ర. కరువు మీద సర్వే చేయిస్తున్న ఒక పరిశోధన సంస్థ తరఫున అనంతపురం నుంచి వచ్చిన కుర్రవాడు. రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలం అది. వరుసగా వానలు మొహం చాటేశాయి. బడులకు సెలవులు కాబట్టి ఊరికొక పంతులిని పిలిచి, మెట్టసేద్యం మీద బతికే కుటుంబాలు ఎట్లా ఉన్నాయో అడిగి రాసే పని అప్పజెప్పారు.

"ఒకే కప్పు కింద అన్నదమ్ములు వేరువేరుగా వండుకుంటే అవి రెండిళ్లు" అన్నాడు రాఘవేంద్ర. "వీధికి ఆ చివర పడుకుని ఈ చివర తినే మనిషి ఉంటే అతను ఈ చివరింటివాడు. ముందు ఊళ్లోని పొయ్యిలన్నీ రాయండి. అదీ మన సమూహం. అన్నిటినీ అడగలేం కాబట్టి కొన్నిటిని తీసుకుంటాం. అది నమూనా. తీసేది మనం కాదు, చీటీ. మనమే ఏరుకుంటే మనకు నచ్చిన గడపే తొక్కుతాం, మనకు నచ్చిన జవాబే రాసుకుంటాం."

హనుమంతరాయుడు లేచి నిలబడ్డాడు. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు సార్. మా సంగటికి అది పనికిరాదు. పైన మెత్తగా ఉంటాది, అడుగున పిండి ఉండలు కట్టి ఉంటాయి. తెడ్డు అడుగంటా తిప్పి, అప్పుడు చూడాల."

గదిలో అందరూ నవ్వారు. రాఘవేంద్ర కూడా నవ్వి, "ఇకమీదట నేను ఎక్కడ చెప్పినా ఇదే చెబుతాను సార్" అన్నాడు. అన్న పోయిన తర్వాత నలుగురిలో హనుమంతరాయుడు అంత మాట్లాడింది అదే మొదటిసారి. బస్సులో ఊరికి తిరిగి వస్తున్నంతసేపూ ఆ నవ్వు అతని చెవుల్లో ఉంది.

అతని అన్న బయ్యన్న పోయి ఏడాది దాటింది. చెనిక్కాయ పైరు ఊడలు నేలలోకి దిగే వేళకు వాన లేక కాలిపోయింది. వాన మీద ఆశ వదులుకుని వేయించిన బోరు దుమ్ము తప్ప ఏమీ చిమ్మలేదు. ఒక మధ్యాహ్నం బయ్యన్న చేనుగట్టున కంది మోళ్ల పక్కన పడి ఉన్నాడు. పక్కనే మందు డబ్బా. ముందుగా చూసింది అతని భార్య ఆంజినమ్మ. ఆమె కేక విని పరుగెత్తుకొచ్చిన హనుమంతరాయుడు ఆ డబ్బాను కాలితో తుప్పల్లోకి తోశాడు. తర్వాత వచ్చిన మొదటి మనిషితో "గుండె నొప్పి" అన్నాడు. ఎందుకన్నాడో అప్పుడు ఆలోచించలేదు. పోలీసులు, ఆస్పత్రిలో కోత, బడిపంతులింట్లో ఇట్లాంటి చావా అనే మాట. ఇవన్నీ ఆలోచనగా రాకముందే ఆ రెండు మాటలూ నోట్లోంచి వచ్చేశాయి. ఆంజినమ్మ అతని మొహంలోకి చూసింది. ఆ తర్వాత ఏడ్చేటప్పుడు కూడా ఆ మాటనే పట్టుకుని ఏడ్చింది.

దివసాల నాడు, పెద్దకర్మ భోజనాలప్పుడు, ఊరి పెద్దలు తిని విస్తళ్లు ఎత్తుతుండగా, హనుమంతరాయుడు అందరి ముందూ ఇంకో మాట కూడా అన్నాడు. "మా వదినా, ఆ బిడ్డా ఇంక నా పొయ్యిలోనే. రెండిళ్లన్న మాటే లేదు."

అన్నదమ్ములిద్దరిదీ నాయన కట్టిన ఒకటే మిద్దె. భాగాలు పంచుకున్నప్పుడు మధ్యన గోడ లేచింది. గడపలు రెండు, పొయ్యిలు రెండు, మిద్దె మీద పొగగూళ్లు రెండు. పెరట్లో మాత్రం ఆ గోడ రొమ్ము ఎత్తు దాటదు. దివసాలైన తర్వాత కొన్నాళ్లు ఆంజినమ్మా, కూతురు నందినీ ఇవతలికి వచ్చే తిన్నారు. ఒక పూట అతని భార్య అరుణజ్యోతి సంగటి వడ్డిస్తుంటే, అతని పళ్లెంలో ముద్ద ఎప్పటంతే ఉంది, వదిన పళ్లెంలో ముద్ద చిన్నదైంది. హనుమంతరాయుడు చూశాడు. చూసి, తల వంచుకుని, తన ముద్దను ఉలవచారులో అద్దుకున్నాడు. ఆ మర్నాడు అవతలి పొగగూట్లోంచి పొగ లేచింది. ఎందుకని అతను అడగలేదు. ఊళ్లో వాళ్లూ అడగలేదు. ఎవరింట్లో పొయ్యి ఎందుకు రాజిందో అడిగే ఓపిక ఆ యేడు ఎవరికీ లేదు. పెదనాన్న కొడుకుల పిల్లలు ఇంకా అతన్ని చిన్నాయనా అనే పిలుస్తారు. సొంత అన్న కూతురు నందిని మాత్రం అప్పటినుంచి ఇంటి దగ్గర కూడా సార్ అనడం మొదలుపెట్టింది.

అందుకే ఊళ్లో పొయ్యిలు రాసేటప్పుడు అతని చేయి తడబడలేదు. సుద్దముక్కతో తన తలుపు మీద ఒక అంకె వేశాడు, పక్క తలుపు మీద దాని తర్వాతి అంకె వేశాడు. అది నిజం కాబట్టి వేశాడు.

చీటీ తీసింది వీరప్ప టీకొట్టు దగ్గర. రాఘవేంద్ర తొమ్మిది చీటీలు మడిచి గ్లాసులో వేసి వీరప్ప ముందుకు జరిపాడు. అందులో వచ్చిన అంకెతో మొదలుపెట్టి ఆపైన ప్రతి తొమ్మిదో ఇల్లూ అడగాలి.

"లాటరీనా ఏమప్పా?" అన్నాడు వీరప్ప, చేయి లుంగీకి తుడుచుకుంటూ. "తగిలితే ఏమిస్తారు?"

"ప్రశ్నలు" అన్నాడు రాఘవేంద్ర.

"అయ్యో, అవి మాకాడ శానా ఉండాయి లేన్నా. జవాబులుంటే తీసుకురా."

బెంచీ మీద కూర్చున్నవాళ్లు పకపక నవ్వారు. వీరప్ప తీసిన చీటీలో నాలుగు ఉంది. రాఘవేంద్ర కాగితం మీద ఇంకా లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. హనుమంతరాయుడి నోటి లెక్క ముందే పరుగెత్తి వదిన తలుపు దగ్గర ఆగిపోయింది. కాగితంలో ఉన్న ప్రశ్నలన్నీ అతనికి కంఠతా వచ్చు. వాటిలో ఒకటి, గత రెండేళ్లలో ఈ ఇంట్లో ఎవరైనా చనిపోయారా, ఎట్లా చనిపోయారు అన్నది. ఆ ప్రశ్నను వదిన ముందు కూర్చుని తనే చదవాలి. ఆమె గుండె నొప్పి అంటే తనే రాయాలి. అనకపోతే?

"సార్" అన్నాడు, జాబితాలో ఆ అంకె మీద వేలు పెట్టి. "దీంట్లో ఒక తప్పు దొర్లింది. ఈ ఇల్లు వేరే ఇల్లు కాదు. మా వదినది. మాదీ ఆమెదీ ఒకే పొయ్యి."

వీరప్ప కడుగుతున్న గ్లాసు మీద నుంచి తలెత్తి చూశాడు. దివసాల నాడు ఆ మాట విన్నవాళ్లలో అతనూ ఒకడు. నోరు తెరవబోయి, మళ్లీ గ్లాసు కడుక్కున్నాడు.

"ఒకే పొయ్యి అయితే ఒకే ఇల్లు" అన్నాడు రాఘవేంద్ర. అతనికి అనుమానమేమీ రాలేదు. "ఆ రెండో అంకె తుడిచేయండి. కానీ సార్, చీటీ పడింది ఆ పొయ్యికి. అంటే ఇప్పుడు మీ ఇంటికే పడినట్టు. మీ ఇంటిని మీరే అడగకూడదు. రేపు పొద్దున నేనొచ్చి అడుగుతాను."

హనుమంతరాయుడు తల ఊపాడు. ఒక గడప తప్పించుకుందామని చూస్తే, ప్రశ్న వచ్చి తన గడపలోనే కూర్చుంది.

సాయంత్రం తడిగుడ్డతో వదిన తలుపు మీది అంకె తుడుస్తుంటే ఆంజినమ్మ కట్టెలమోపుతో వచ్చింది.

"ఏమప్పా, తుడుస్తాండావు?"

"అంకె తప్పు పడింది వదినా."

"నీకు అంకె తప్పు పడేదేంది? ఊరందరి పిల్లోల్లకూ చెప్తావు కదా."

"తప్పంటే... మీదీ మాదీ ఒకటే పొయ్యి కదా. రెండని రాసినా. అదీ తప్పు."

ఆమె మోపు దించి, చీరకు అంటుకున్న కంపముళ్లు ఒక్కొక్కటే తీసి పడేసింది. "ఒకటేనా?" అంది. లోపలికి పోయి పొయ్యి ఊదడం మొదలుపెట్టింది. ఇనుప గొట్టంలో ఆమె ఊపిరి బయటికి వినిపించింది.

రేపొక్క పూటకైనా ఆ మాటను నిజం చేయవచ్చు కదా అనిపించింది అతనికి. రేపు పొద్దున కూటికి మా ఇంటికే రండి వదినా అంటే సరిపోతుంది. గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఇన్నాళ్లూ పిలవనివాడు ఎవరో కాగితం పట్టుకుని వస్తున్నాడని పిలిస్తే ఆ పిలుపును ఏమంటారో, పిల్లలకు మాటలు నేర్పే అతనికి ఆ క్షణాన తట్టలేదు. తడిగుడ్డ పిండుకుంటూ వెనక్కి వచ్చాడు.

ఇంట్లో అరుణజ్యోతితో చెప్పాడు. "రేపు ఒకాయన వస్తాడు. అడిగితే వదినోళ్లదీ మనదీ ఒకటే పొయ్యని చెప్పు."

"ఎప్పటినుంచి?"

"అడిగినంతకు చెప్పు."

"నువ్వు చెప్పుకోపోప్పా. నువ్వు నలుగురిలో అన్నావు, నాలుగు దినాలు వండి పెట్టినా. మనూరి కరువులో ఇద్దరి గింజలు నలుగురికి సాగదీసేది నేను గానీ నువ్వు కాదు. ముద్ద చిన్నదైందని ఆయమ్మకు తెలిసింది, నాకు తెలిసింది. నీకూ తెలిసింది." చేట పక్కన పెట్టింది. "తెలిసీ ఒక్క మాటన్నావా? నన్ను తిట్టింటే కూడా పోయిండేది."

అతను తడిగుడ్డను దండెం మీద ఆరేశాడు.

మర్నాడు పొద్దెక్కాక రాఘవేంద్ర వచ్చాడు. పెరటి వైపు నీడలో చాప వేశారు. గోడకు అవతల రోట్లో ఊరిబిండి పచ్చడి నూరుతున్న చప్పుడు.

"ఈ పొయ్యి మీద తినేవాళ్లు ఎవరెవరు సార్?"

"నేను, నా భార్య. మాకు పిల్లలు లేరు. మా వదిన ఆంజినమ్మ. ఆమె కూతురు నందిని."

రాఘవేంద్ర రాసుకుంటూ పోయాడు. భూమి ఎంత, బోరు ఉందా, పోయిన పంటకారులో ఏం వేశారు, ఎవరైనా బెంగళూరు పనికి పోయారా. జవాబులు సులభంగానే వచ్చాయి. తర్వాత అతను గొంతు కొంచెం తగ్గించాడు.

"గత రెండేళ్లలో ఈ పొయ్యి మీద తిన్నవాళ్లలో ఎవరైనా చనిపోయారా?"

"మా అన్న. బయ్యన్న."

"కారణం?"

రోట్లో చప్పుడు ఆగిపోయింది.

హనుమంతరాయుడికి గోడ పైన ఏమీ కనిపించలేదు. కనిపించకపోయినా అక్కడ ఒక మనిషి నూరే గుంజపొత్రం చేత్తో పట్టుకుని ఊపిరి బిగబట్టి ఉందని తెలుసు. ఏడాదిగా అందరికీ చెప్పిన మాట.

"గుండె నొప్పి" అన్నాడు.

రాఘవేంద్ర రాశాడు.

అతను కాగితం తిప్పేలోగా వీధి వైపు తలుపు కిర్రుమంది. ఆంజినమ్మ లోపలికి వచ్చింది. చేతిలో పళ్లెం. తలమీద కొంగు సర్దుకుని, చాపకు కాస్త ఎడంగా గోడకు ఆనుకుని కూర్చుంది. ఖాళీ పళ్లెం ముందు పెట్టుకుంది.

"ఏం వదినా?"

"పొద్దెక్కింది కదప్పా, ఆకలైతాండాది. ఒకటే పొయ్యి కదా మనది. నా ముద్ద పెట్టమని వచ్చినా. నందినికి కూడా పెట్టు, తీసుకపోతా."

హనుమంతరాయుడు లోపలికి చూశాడు. అరుణజ్యోతి వంటింటి గడపలో నిలబడి ఉంది. ఆమె లోపలికి పోయి కుండ మూత తీసిన చప్పుడైంది. ఉత్త చేతులతో తిరిగి వచ్చింది.

"ఇద్దరికే చేసినా" అంది. ఎవరి మొహమూ చూడకుండా అంది. అరవలేదు, గొణగలేదు. "అక్కా, కూర్చో. మళ్లీ ఎసరు పెడతా."

"వద్దులే జోతీ. మాటవరసకు అడిగినా."

రాఘవేంద్ర తలెత్తి మిద్దె వైపు చూశాడు. రెండు పొగగూళ్లు. రెండింట్లోంచీ సన్నగా పొగ. అతను కలం మూత పెట్టి జేబులో పెట్టుకోబోయి, మళ్లీ తీసి కాగితం మీద ఉంచాడు. మందలించే వయసు కాదతనిది. మందలించినా హనుమంతరాయుడికి తేలికగా ఉండేదేమో.

"సార్, ఇది ఒక పొయ్యా, రెండా? మీరు చెప్పిందే రాస్తాను. తెడ్డు అడుగంటా తిప్పాలని మొన్న మీరే చెప్పారు."

ఎత్తిపొడవడానికి అన్న మాట కాదది. నిజంగా గుర్తొచ్చి అన్నాడు. హనుమంతరాయుడి చెవులు కాలిపోయాయి. మొన్న ఆ మాటకు గదంతా నవ్వినప్పుడు తాను ఎంత సంబరపడ్డాడో గుర్తొచ్చింది. బస్సులో ఆ నవ్వును ఊరిదాకా మోసుకొచ్చుకున్నాడు. అడుగున ఉండ కట్టి ఉన్నది తన కుండే.

"రెండు" అన్నాడు.

"అయితే ఈ కాగితం చెల్లదు. చీటీ పడింది వాళ్ల ఇంటికి." రాఘవేంద్ర ఆ కాగితానికి అడ్డంగా గీత గీశాడు. "మీ అన్నగారు పోయిన కారణం..." అన్నాడు.

"అది నన్ను అడగకూడదు సార్. ఆమెను అడగాల."

అతను చెప్పింది నియమమే. నియమం చాటున మళ్లీ దాక్కున్నానని చెబుతుండగానే తెలిసింది. ఆంజినమ్మకూ తెలిసినట్టుంది.

"మేలు" అంది, లేస్తూ. "ఏడాది దాటినాక ఒకరన్నా నన్ను అడగమన్నారు."

అడిగేటప్పుడు వేరే ఇంటివాళ్లు దగ్గర ఉండకూడదన్నది కూడా నియమమే. వాళ్లిద్దరూ ఆంజినమ్మ ఇంటికి పోయారు. హనుమంతరాయుడు వీధిలోకి వచ్చి జగిలి అరుగు మీద కూర్చున్నాడు. దూరంగా పోవాలి. పోలేదు. తలుపు తీసే ఉంది. భూమి, బోరు, పంట. వదిన గొంతు మామూలుగానే వినిపించింది. ఒకటి రెండు చోట్ల కుర్రవాణ్ణి ఆటపట్టించింది కూడా.

"బోరులో నీళ్లు ఎన్ని అంగుళాలు పడ్డాయమ్మా?"

"నీళ్లా? దుమ్ముకు అంగుళాలు ఉండాయంటే చెప్తా, రాసుకో."

తర్వాత ఆ ప్రశ్న వచ్చింది.

"మందు తాగినాడు" అంది. "చెనిక్కాయకు కొట్టే మందు. నేను పోయేసరికి ఇంగా ఊపిరుండాది. నోరు తుడిచినా. నా చేతులు ఎన్ని దినాలు కడిగినా ఆ వాసన పోలేదు. గుండె నొప్పికి వాసన ఉంటాదా నాయనా?"

"ఉండదమ్మా."

"వచ్చినోళ్లందరికీ అదే చెప్పినా. మా ఆయన యాల తాగినాడని ఒక్కరూ అడగలేదు. గుండె నొప్పికి ఎందుకని ఎవరు అడుగుతారు? రాత్రి నిద్రపోలేదు, కూడు ముట్టలేదు, ఆ దినం పొద్దున్నే గొడ్లకు మేతేసి వాటి మెడలు నిమిరి పోయినాడు. ఇవన్నీ నా లోపల్నే ఉండిపాయ."

కలం కదులుతున్న చప్పుడు కూడా వినిపిస్తున్నట్టు అనిపించింది హనుమంతరాయుడికి.

"గుండె నొప్పని చెప్పమన్నది ఎవరని అడగవా?" అంది ఆంజినమ్మ.

"ఆ ప్రశ్న లేదమ్మా."

"లేదా?" అంది. "పోనీలే. ఉండింటే బాగుండు."

ఆమె హనుమంతరాయుడి పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే లేచి లోపలికి పోయి, అవును నేనే అని ఉండేవాడినని అనుకున్నాడు. ఆ మాటను కూడా అతను పూర్తిగా నమ్మలేకపోయాడు.

రాఘవేంద్ర బయటికి వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు. హనుమంతరాయుడి పక్కన ఒక్క నిమిషం నిలబడి, "మిగతా ఇళ్లు రేపటినుంచి మీరే చేయండి సార్" అన్నాడు. పని లాగేసుకుంటాడేమో అనుకున్నాడు హనుమంతరాయుడు. అట్లా చేయకపోవడమే బరువుగా ఉంది.

"ఆ అంకె మాత్రం మళ్లీ వేయండి" అని వీధి మలుపు తిరిగాడు.

హనుమంతరాయుడు చొక్కా జేబులోంచి సుద్దముక్క తీశాడు. తలుపు మీద నిన్న తుడిచిన చోట చెక్క ఇంకా తెల్లగా అలుక్కుపోయి ఉంది. దాని మీదనే రాయడం మొదలుపెట్టాడు. ఆంజినమ్మ గడపలోకి వచ్చి చూస్తూ నిలబడింది.

"గట్టిగా రాయప్పా. వానొస్తే చెరిగిపోతాది."

ఊళ్లో ఆ యేడు వాన మాట ఎవరన్నా నవ్వేవాళ్లు. ఆమె నవ్వలేదు. అతనూ నవ్వలేదు. గట్టిగా అదిమితే సుద్ద విరిగింది. మిగిలిన ముక్కతో అంకె పూర్తి చేశాడు.

"వదినా" అన్నాడు, తలుపు వైపే చూస్తూ. "మాపటికి నందినిని తీసుకుని..."

"మా పొయ్యి మండుతాండాది లేప్పా" అంది ఆంజినమ్మ. కోపం లేదు ఆ గొంతులో. "పో, తినుపో. చల్లారిపోతాది."

ఇంట్లో అరుణజ్యోతి పళ్లెం పెట్టి ఉంచింది. ఇద్దరికే చేసిన సంగటి. ముద్ద పెద్దదిగానే ఉంది. తనకు ఆకలి ఉండదనుకున్నాడు. ఉంది. వదిన ముద్ద చిన్నదైన రోజు వంచినట్టే తల వంచుకుని, చివరి ముద్దదాకా తిన్నాడు.